నీళ్ల మీద మాట

సరోజినీదేవి మడత విప్పని చీర ఒకటి చేతిలో పెట్టి, "రేపు పొద్దున్నే ఇది కట్టుకుని రా" అన్నప్పుడు చిట్టెమ్మకి సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. పండగా కాదు, పబ్బమూ కాదు. ఆ ఇంట్లో శుభకార్యమేదీ లేదు. ఉన్నా, ఆ ఇంటినుంచి చిట్టెమ్మకి ముట్టేవి కట్టి విడిచిన చీరలే. అంచు నలగని చీర ఆ చేతుల్లోంచి ఈ చేతుల్లోకి రావడం ఇదే మొదలు.

"ఎక్కడికండీ అమ్మగారూ?"

"కృష్ణ మీదికి. మీ బాబుగారు ఇబ్రహీంపట్నం దగ్గర పడవ మాట్లాడారు. తెరచాప పడవ. పొద్దున్నించి సాయంత్రం దాకా మనదే. నువ్వూ శాంతయ్యా కూడా రావాలన్నారు."

"అంట్లు తోమడానికాండీ?"

"కాదు. నాగేశ్వరమ్మ వస్తోందిగా, పనంతా అదే చూసుకుంటుంది. నువ్వు ఊరికే రా."

ఆ 'ఊరికే' దగ్గర చిట్టెమ్మ చిక్కుకుపోయింది. ఆమె ఊరికే ఎక్కడికీ వెళ్లి ఎరగదు. నాట్లకి వెళ్లింది, కలుపుకి వెళ్లింది, మిరపకాయ కోతకి గంపలగూడెం దాకా వెళ్లింది. ఆదివారం గుడికి వెళ్లినా ముందు చీపురు, ఆ తరవాతే దేవుడు. ఊరికే వెళ్లడమంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియని సంగతి.

చీరని చంకలో పెట్టుకుని తిరువూరు పొలిమేరలో ఉన్న అమ్మగారి భర్త దశరథరామయ్యగారి మామిడితోట వెంట నడిచింది. తోట చివర వాగు గట్టు. గట్టు మీద వరసగా కొన్ని గుడిసెలు, వాటిలో మొదటిది చిట్టెమ్మది. ఆమె కాపరానికి వచ్చినప్పుడు అక్కడ రాళ్లూ తుమ్మముళ్లూ తప్ప మనిషి జాడ లేదు. అది సర్కారు పోరంబోకు, ఎవరికీ చెందనిది. ఎవరికీ చెందని నేల పెద్దవాళ్ల కంట పడితే ఎంతకాలమని అలా ఉంటుంది? కిందటి ఎండాకాలం దశరథరామయ్య తోటకి కొత్త కంచె వేయించాడు. ఆ కంచె గుడిసెలకి ఇవతలగా రావలసింది, అవతలగా వెళ్లి గుడిసెల్ని తోటలో కలిపేసింది. "మీకూ రక్షణగా ఉంటుందిరా" అన్నాడు. శాంతయ్య ఆయన తోట కాపలాదారు. ఆ కంచెకి గుంజలు పాతింది కూడా అతనే.

గుడిసె ముందు అంతోనమ్మ కాచుకుని కూర్చుంది. పక్క గుడిసె మనిషి, వరసకి ఆడబిడ్డ.

"వదినా, టముకు విన్నావా? ఈ వారంలోనే స్థలాల ఆఫీసరు వస్తాడంట. ఎవరి గుడిసె కాడ వాళ్లని అడుగుతాడంట. ఉంటన్నవాళ్ల పేరున పట్టా రాస్తాడంట."

ఎమర్జెన్సీ అన్న మాట తిరువూరు దాకా వచ్చిన ఏడాది అది. బస్సులు టైముకి వస్తున్నాయన్నారు. అది నిజమయింది గనక ఇళ్లులేనివాళ్లకి స్థలాలిస్తారన్నదీ నిజమే కావచ్చని పేటలో జనం నమ్మడం మొదలుపెట్టారు.

"నీదే మొదటి గుడిసె, అందరికన్నా ముందొచ్చింది నువ్వే," అంది అంతోనమ్మ. "నువ్వేం చెబితే మాదీ అదే అవుద్ది. గట్టిగా చెప్పొదినా. తడబడమాక."

"చెబుతాలే" అంది చిట్టెమ్మ. అప్పుడే అంతోనమ్మ కళ్లు చంకలో చీర మీద పడ్డాయి. చిట్టెమ్మకి ఎందుకో దాన్ని వెనక్కి దాచుకోవాలనిపించింది.

శాంతయ్య గడప దగ్గర తాడు పేనుతున్నాడు. పడవ సంగతి చెబితే తల ఎత్తలేదు.

"మనల్నెందుకయ్యా రమ్మంటం?"

"పిలిచారు, ఎల్దాం. ఎందుకని అడుగుతామా?" అని తాడుకి ఇంకో మెలి వేశాడు. ఆ మెలి అవసరానికన్నా గట్టిగా పడింది.

మర్నాడు తెల్లవారుతుండగా జీపెక్కారు. వెనకాల వంటమనిషి నాగేశ్వరమ్మ, ఆమె గిన్నెలు, చిట్టెమ్మ, శాంతయ్య. మధ్యలో సరోజినీదేవి. ముందు సీట్లో దశరథరామయ్య, ఆయన పక్కన నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దమనిషి. ఆయన్ని అందరూ సార్ అంటున్నారు. ఎక్కడి సారో, ఏం సారో ఎవరూ చెప్పలేదు. చిట్టెమ్మ కాలేజీ లెక్చరరనుకుంది. ఎ.కొండూరు దాటి, మైలవరం దాటి, కృష్ణ వాసన తగిలేదాకా ఆమె కొత్త చీర కుచ్చిళ్లు పట్టుకునే కూర్చుంది. అవి జారితే ఈ మర్యాద అంతా జారిపోతుందేమో అన్నట్టుంది.

రేవులో పడవ సిద్ధంగా ఉంది. సరంగు పేరు అంకారావు. ఎండకి నల్లబడ్డ మనిషి, మాట తక్కువ. అందరూ ఎక్కాక ఒక్కొక్కళ్లనీ ఎగాదిగా చూశాడు. ఆ చూపులో మర్యాదా లేదు, అమర్యాదా లేదు. సంతలో బస్తాల వంక చూసే చూపది.

"సార్, మీరు బరువు, మధ్యలోకి రండి. బాబుగారూ, మీరు ఆ పక్క. అమ్మగారూ, మీరిటు. నువ్వమ్మా, కొత్త చీరమ్మా, అమ్మగారి పక్కన కూచో."

చిట్టెమ్మ లేచి అడుగున కూర్చోబోయింది.

"కింద కాదు, బల్ల మీద. ఈ పక్క తేలిపోతంది. ఎవరు ఎవరో నాకెందుకమ్మా? పడవ ఒరిగితే అందరం నీళ్లలోనే."

అలా చిట్టెమ్మ సరోజినీదేవి కూర్చున్న బల్ల మీదే కూర్చుంది. సగం మనిషే కూర్చుంది, మిగతా సగం గాలిలో ఉంచుకుంది. అంకారావు గెడ చేతిలోకి తీసుకున్నాడు. అంతలో దశరథరామయ్యకి కొత్త ఆలోచన వచ్చింది.

"ఒరే అంకారావూ, మాట్లాడుకున్నట్టు ఆ లంక దాకానే ఏంటి? ఎలాగూ గాలి బావుంది, అమరావతి దాకా పోనీ. సార్ చూస్తారు."

అంకారావు గెడ పక్కన పెట్టేశాడు.

"దిగండి బాబూ."

"ఏంటి?"

"దిగి మాట్టాడుకుందాం. నీళ్ల మీద బేరం ఆడనండి. మా నాన్న కాడ్నించీ ఇంతే. నీళ్ల మీద మనిషి సగం భయానికి మాట్టాడతాడు, సగం మొహమాటానికి మాట్టాడతాడు. రేపు మీరు కాదన్నా నేను అవునన్నా గొడవే. నేల మీద కాళ్లానించి చెప్పిందే మాటండి మాకు."

నల్లద్దాల సారు పకపకా నవ్వాడు. దశరథరామయ్యకి ఒళ్లు మండింది. కాని సారు నవ్వుతుంటే తను కోప్పడితే బాగుండదు. పంచె ఎగ్గట్టుకుని, రేవు బురదలోకి దిగి, సరంగుకి ఎదురుగా నిలబడ్డాడు. ఆయన ఒక మనిషి కోసం ఎక్కిన చోటునుంచి దిగడం చిట్టెమ్మ ఇంతవరకూ చూడలేదు. మధ్యాహ్నం దాటితే గాలి పడిపోతుందనీ, అమరావతి వెళితే తిరిగి చీకటి పడేలోగా రాలేమనీ అంకారావు చెప్పాడు. లంక దాకానే అని దశరథరామయ్య ఒప్పుకున్నాడు. బురద కాళ్లతో మళ్లీ ఎక్కాడు.

"ఆచారం ఆచారమే కదండీ. అతను చెప్పిందీ నిజమే" అన్నాడు, ఇదంతా తనకి సరదాగానే ఉందన్నట్టు.

తెరచాప విప్పారు. తూర్పు గాలి నిండగానే గుడ్డ ఒక్కసారి టపటపమని కొట్టుకుని బిగుసుకుంది. ఆ తరవాత చప్పుడు లేదు. పడవ దానంతటదే ఎదురునీటికి పాకిపోతోంది. ఒకచోట పక్కకి ఒరిగింది. సరోజినీదేవి "అమ్మో" అని చిట్టెమ్మ చెయ్యి పట్టేసుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, వణుకుతోంది. చిట్టెమ్మ రెండో చెయ్యి దాని మీద వేసి "ఏం కాదండమ్మగారూ" అంది. ఎంతోసేపు ఆ చేతులు అలాగే ఉండిపోయాయి. అటు చూస్తే నీళ్లు, ఇటు చూస్తే నీళ్లు, మీద ఎండ. చిట్టెమ్మకి చెప్పలేనంత హాయిగా అనిపించింది. ఆ హాయి తనదో కాదో తెలియక మళ్లీ భయమూ వేసింది.

పడవ అడుగున నీరు ఊరుతోంది. ఒక రేకు డబ్బా అందులో తేలుతోంది. చిట్టెమ్మ వంగి డబ్బా అందుకుని నీళ్లు తోడి పోయడం మొదలుపెట్టింది. ఇంత పని దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది.

"నిన్ను పనికి తీసుకురాలేదు చిట్టెమ్మా" అని దశరథరామయ్య డబ్బా తీయించేశాడు. సారు వైపు తిరిగి, "మా మనుషులు సార్. ఇంట్లోవాళ్ల కింద లెక్క" అన్నాడు. సారు తల ఊపాడు.

లంకలో ఇసక మీద విస్తళ్లు వేశారు. ఒకే వరసలో వేశారు. చిట్టెమ్మ తన విస్తరి తీసుకుని దూరంగా వెళ్లబోతే "ఇక్కడే కూర్చో" అని దశరథరామయ్యే అన్నాడు. నాగేశ్వరమ్మ ముఖం చింతకాయ కొరికినట్టు పెట్టుకుని, పైనుంచి గారెలు విడిచింది. ఒకటి ఇసకలో పడింది. పులిహోర చాలా బాగుంది. చిట్టెమ్మ ప్రతి ముద్దకీ ఒకసారి శాంతయ్య వంక చూసింది. అతను తలొంచుకుని, రుచి తెలియనివాడిలా తింటున్నాడు. ఏడాదంతా అన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కునే మనిషి ఇవాళ గారె ముట్టుకోలేదేమిటో ఆమెకి అంతు పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో అంకారావు చెప్పినట్టే గాలి పడిపోయింది. చాప దింపేసి పడవని నీటివాలుకి వదిలారు. అంకారావు చుక్కాని దగ్గర కూర్చున్నాడు. ఎండ మెత్తబడింది. అందరికీ కునుకు పట్టే వేళ. అప్పుడు దశరథరామయ్య గొంతు సవరించుకున్నాడు.

"సార్, మీకేదో కావాలన్నారు. మనిషి ఇక్కడే ఉందిగా, మీరే అడగండి. నేను చెప్పడమెందుకు?"

సారు అద్దాలు తీశాడు. అద్దాల వెనక కళ్లు అలిసిపోయిన మామూలు కళ్లు.

"ఏమ్మా, నీ గుడిసె ఉన్న స్థలం ఎవరిది?"

అది అడిగిన తీరులో గట్టిదనమేమీ లేదు. బస్సులో పక్కవాళ్లు అడిగినట్టే ఉంది. చిట్టెమ్మ ఒంటి మీద కొత్త చీర ఉంది. కడుపులో ఆ ఇంటి అన్నం ఉంది. పక్కన అమ్మగారు, ఎదురుగా బాబుగారు. ఇలాంటి చోట ఇలాంటి ప్రశ్నకి ఆమె అమ్మా, అమ్మమ్మా ఏ జవాబు చెప్పేవాళ్లో అదే నోట్లోంచి వచ్చింది.

"మాదేముందండీ, అంతా బాబుగారిదేనండి. ఆయన నీడన బతుకుతున్నాం."

"అయితే తోట కాపలాకని ఉండనిచ్చారన్నమాట."

"అవునండి. ఆయన దయండి."

"లేచిపొమ్మంటే?"

చిట్టెమ్మ నవ్వింది. అది కూడా మర్యాదే. "బాబుగారి మాట కాదంటామాండీ?"

అంకారావు నీళ్లలోకి తుపుక్కున ఉమ్మేశాడు. దశరథరామయ్య అవతలి ఒడ్డు చూశాడు. ఆ ముఖంలో పంట ఇంటికి చేరినవాడి తృప్తి కనపడింది.

"సరే, రేపు వచ్చి రాసి వేలిముద్ర తీసుకుంటాను" అని సారు మళ్లీ అద్దాలు పెట్టుకున్నాడు.

వేలిముద్ర అన్న మాట చెవిన పడగానే చిట్టెమ్మ బొటనవేలు పిడికిట్లో ముడుచుకుంది. మాటకి వేలిముద్ర ఎందుకు? పలకరింపుకి వేలిముద్ర ఏమిటి? అమ్మగారి వంక చూసింది. సరోజినీదేవి కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోందో, నిద్రపోయినట్టు నటిస్తోందో తెలియలేదు. పొద్దున పట్టుకున్న చెయ్యి ఇప్పుడు ఒళ్లో ముడుచుకుని ఉంది.

రేవులో కాళ్లు కడుక్కుంటూ శాంతయ్య పక్కకి చేరింది.

"ఎవరయ్యా ఆ సారు?"

శాంతయ్య నీళ్లలోకి చూస్తూ చెప్పాడు. "ఈరరాఘవయ్యగారంట. స్థలాల ఆఫీసరు."

"నీకు తెలుసా?"

"పొద్దున జీపెక్కబోయే ముందు బాబుగారు చెప్పారు. సారు మంచీచెడ్డా అడుగుతాడు, మర్యాదగా చెప్పమను అన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు రావు."

చిట్టెమ్మకి అతన్ని కొట్టాలనిపించింది. ఏడవాలనిపించింది. ఏది ముందో తెలియక కాళ్లు కడుక్కుంటూనే నిలబడింది. అవి ఎప్పుడో శుభ్రపడ్డాయి.

సాయంత్రం గుడిసె దగ్గర దిగేసరికి అంతోనమ్మ ఎదురొచ్చింది. నాగేశ్వరమ్మ కట్టిచ్చిన గారెల పొట్లం చిట్టెమ్మ ఆమె చేతిలో పెట్టి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. అంతోనమ్మ తిట్టలేదు. పొట్లం మాత్రం అరుగు మీద పెట్టేసి, వెనక్కి తిరిగి చూడకుండా తన గుడిసెలోకి వెళ్లి తడిక మూసుకుంది. తిట్టినా బాగుండేదని చిట్టెమ్మ అనుకుంది.

"తోట కాలవ అవతల గుడిసె ఏసుకోమన్నాడు బాబు, వాసాలు కూడా ఇస్తానన్నాడు," అన్నాడు శాంతయ్య. "ఆయన్ని కాదని ఈ ఊళ్లో ఎవరి కాడ పని దొరుకుద్ది?"

"కాలవ అవతల ఎవరిది?"

"ఆయనదే."

"మరి అక్కడా ఆయన నీడేగా?"

శాంతయ్య లేచి నిన్నటి తాడు అందుకున్నాడు. చిట్టెమ్మ చీర విప్పి మడత పెట్టింది. ఎలా పెట్టినా కొత్త మడతలోకి రాలేదు. తనేం అబద్ధం చెప్పింది? అందరూ అలాగే అంటారు. ఇంటికొచ్చినవాళ్లు ఈ ఇల్లెవరిదంటే మీదేనండి అంటారు. ఆ మాట పట్టుకుని ఎవరైనా ఇల్లు లాక్కుంటారా? లాక్కుంటారని తెలిస్తే మర్యాద ఎలా చెయ్యాలి? మరి అమ్మగారి చెయ్యి? ఆ వణుకు నాటకమా? కాదు, అది నిజమే. నీళ్లంటే ఆ మనిషికి నిజంగా భయమే. అదీ నిజమై, చీరా నిజమై, ఇదీ నిజమెలా అయిందో చిట్టెమ్మకి ఎంతకీ అర్థం కాలేదు.

మర్నాడు వీరరాఘవయ్య వచ్చాడు. ఎండలో అదే కళ్లద్దాలు. వెనక కాగితాలూ ఇంకు దిండూ పట్టుకున్న బంట్రోతు. ఆ వెనకాల దశరథరామయ్య, ఆయనకి గొడుగు పట్టిన శాంతయ్య. పేటలో సగం మంది గట్టు మీద నిలబడ్డారు. అంతోనమ్మ తన గుమ్మంలోంచి కదల్లేదు.

చిట్టెమ్మ పాత చీరలో బయటికి వచ్చింది. ఆఫీసరుకి కుక్కిమంచం వాల్చింది. ఆయన కూర్చుని, రాసుకొచ్చింది చదివాడు. సదరు గుడిసె తోట ఆవరణలో ఉన్నట్టూ, కాపలా నిమిత్తం యజమాని దయతో నివసిస్తున్నట్టూ, ఆ స్థలం మీద తమకి ఏ హక్కూ లేనట్టూ, యజమాని కోరినప్పుడు ఖాళీ చేసేటట్టూ ఉంది. చిట్టెమ్మ అన్న నాలుగు మాటలూ అందులో ఉన్నాయి, కాని అన్నం తిన్న నోటి తడి మాత్రం ఎక్కడా లేదు.

"నిన్న నువ్వు చెప్పిందే కదమ్మా. వేలు ఇలా పెట్టు."

బంట్రోతు ఇంకు దిండు మూత తీశాడు. చిట్టెమ్మ బొటనవేలు వంక చూసుకుంది. తరవాత కిందికి చూసింది. గుడిసె ముందు తను అలికిన నేల, దాని మీద తన పాదాలు. వేళ్ల మధ్య మట్టి. నిన్న సరంగు ఎదురుగా బాబుగారి పాదాలకి అంటిన బురద గుర్తొచ్చింది.

"అది నీళ్ల మీద మాటండి" అంది.

"ఏంటి?" అన్నాడు దశరథరామయ్య.

చిట్టెమ్మ ఆయన్ని చూడలేదు. చూస్తే నోరు పాతదారి పడుతుందని తెలుసు. ఆఫీసరునే చూసింది. "నిన్న పడవలో చెప్పానండి. నీళ్ల మీద సగం భయం, సగం మొహమాటం అన్నాడు కదండీ సరంగు. బాబుగారంతటివారే దిగి, నేల మీద నుంచోని మాట్టాడారు. నన్ను మాత్రం ఎక్కించి అడిగారు. ఇప్పుడు అడగండి. నేల మీదున్నాను."

వీరరాఘవయ్య నవ్వబోయి ఆగిపోయాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. గట్టు మీద జనం వైపు చూశాడు, దశరథరామయ్య వైపు చూశాడు.

"ఆచారం నిజమేనన్నారు కదండీ మీరు" అన్నాడు.

"పడవవాడి పిచ్చిమాటలు పట్టుకుని..."

"అడగడానికేముంది? అడుగుతాను. ఏమ్మా, ఈ స్థలం ఎవరిది?"

చిట్టెమ్మ నోరు తెరిచింది. 'బా' అన్న అక్షరం పెదాల దాకా వచ్చేసింది. ఇంత అలవాటైన మాటని మింగడం ఎంత కష్టమో ఆమెకి అప్పుడు తెలిసింది. మింగింది.

"నాదండి. నేనుంటున్నాను. ఈ గట్టు మీద రాళ్లు ఏరింది నేను. అప్పుడు ఈ కంచె లేదండి. గుంజలు చూడండి, ఇంకా బెరడు కూడా ఊడలేదు. మా గుడిసె వాసాలు చూడండి, పొగకి నల్లబడిపోయాయి. ఏది ముందో మీరే చూడండి."

ఆ గొంతు ఎవరిదో అనిపించింది ఆమెకి. కాళ్లు మాత్రం మట్టిలో ఆని ఉన్నాయి. అవి ఎవరివో తెలుస్తూనే ఉంది.

దశరథరామయ్య ముఖం జేవురించింది. "నిన్న నా పక్కన కూర్చుని తిన్నావు కదే!"

"తిన్నానండి," అంది చిట్టెమ్మ. "చాలా బావుందండి. అంత బావున్న రోజు నాకెప్పుడూ లేదు. అమ్మగారికి చెప్పండి, నిజంగానే చెబుతున్నాను." కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. "కాని అదీ ఇదీ ఒకటి కాదండి."

ఆఫీసరు శాంతయ్య వైపు తిరిగాడు. "నువ్వు? ఆమె మొగుడివేగా. ఏం చెబుతావు?"

శాంతయ్య చేతిలో గొడుగు ఉంది. గొడుగు కింద బాబుగారున్నారు. అతను గొడుగు తియ్యనూ లేదు, పక్కకి జరగనూ లేదు. చివరికి నేల చూస్తూ అన్నాడు.

"ఆ గుంజలు పాతింది నేనేనండి. కిందటి ఎండాకాలం. గుడిసె అప్పటికే ఉందండి."

దశరథరామయ్య విసురుగా కదిలి ఎండలోకి వెళ్లిపోయాడు. ఆయన పోయిన చోట గొడుగు నీడ ఖాళీగా మిగిలింది. శాంతయ్య దాన్ని ముడవాలో, పట్టుకుని వెనకాల పరిగెత్తాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

వీరరాఘవయ్య తెచ్చిన కాగితం అడ్డంగా కొట్టేసి, కొత్తది తీసుకుని, అడుగుతూ రాసి, పైకి చదివి వినిపించాడు. చిట్టెమ్మ వేలిముద్ర వేసింది. వేలికి అంటిన ఇంకు చీరకి తుడుచుకోబోయి, ఎందుకో తుడుచుకోకుండా అలాగే ఉంచుకుంది. రేపటినుంచి పని ఎక్కడ దొరుకుతుందో, ఆ కొత్త చీరని తిరిగి ఇవ్వాలో కట్టుకోవాలో ఆమెకి ఇంకా పాలుపోలేదు.

ఆఫీసరు లేచి పక్క గుడిసె ముందుకి వెళ్లాడు. అంతోనమ్మ గుమ్మం దిగి వచ్చింది. ఆయన నోరు తెరవకముందే చెప్పులు విడిచి పక్కన పెట్టి, రెండు కాళ్లూ మట్టిలో గట్టిగా ఆనించి నిలబడింది.

"నేల మీదున్నానండి. అడగండి."